పాత కారు తాళానికి సన్న స్ప్రింగు: ఎక్కడ వెతకాలి, దొరక్కపోతే ఎలా చుట్టుకోవాలి

ఒడిశా రాయగడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్నగారి అంబాసిడర్ ఉంటుంది. పోయిన వానాకాలంలో దాని డ్రైవర్ తలుపు తాళం మొరాయించింది. ఒకసారి తిరుగుతుంది, నాలుగుసార్లు తిరగదు. తలుపు మీద అరచేత్తో తడితే మళ్లీ తిరుగుతుంది. మెకానిక్‌కి చూపిస్తే, "ఇది పోయింది బాబూ, సెట్టు మొత్తం మార్చేయాలి" అన్నాడు. సెట్టు మారిస్తే తాళంచెవి కూడా మారిపోతుంది. ముప్పై ఏళ్లు నాన్నగారి జేబులో తిరిగి అంచులు నున్నబడిన ఆ చెవిని పక్కన పెట్టడానికి నాకు మనసు రాలేదు. తాళం ఇంటికి తెచ్చి విప్పాను. లోపల ఒక ఇత్తడి ప్లేటు కింద స్ప్రింగు తుప్పు పట్టి రెండు ముక్కలై ఉంది. రెండు ముక్కలూ కలిపినా బియ్యపు గింజంత లేదు. మిగతా తాళమంతా నిక్షేపంగా ఉంది.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి 800 కూడా అదే ఏడాది ఆగింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే పోయింది. వీటికి తాళాల సెట్లు ఇప్పటికీ దొరుకుతాయి గానీ, లోపలి స్ప్రింగు ఒక్కటే కావాలంటే ఏ స్పేర్ పార్ట్స్ కొట్లోనూ ఇవ్వరు. అది మనమే వెతుక్కోవాలి, లేదా చుట్టుకోవాలి. రెండూ ఇంట్లో చేసుకోగల పనులే.

ముందు జబ్బు స్ప్రింగుదేనా అని తేల్చుకోండి

కారు తాళంలో బేరల్ అనే గుండ్రటి ముక్క ఒక బాడీ లోపల తిరుగుతుంది. బేరల్‌కి అడ్డంగా సన్న గాడులు ఉంటాయి. ఒక్కో గాడిలో ఒక్కో ఇత్తడి ప్లేటు, ఆ ప్లేటు పక్కకు పొడుచుకొచ్చిన అంచు కింద ఒక్కో స్ప్రింగు. తాళంచెవి లేనప్పుడు స్ప్రింగు ప్లేటును బయటికి నెట్టి బాడీలో ఇరికిస్తుంది, అందుకే బేరల్ తిరగదు. సరైన చెవి పెడితే ప్లేట్లన్నీ బేరల్ అంచుకు సమంగా వచ్చి కూర్చుంటాయి, అప్పుడు తిరుగుతుంది.

స్ప్రింగు విరిగితే ఆ ప్లేటుకు నిలకడ ఉండదు. ఎటు వాలితే అటు పోతుంది. తడితే తిరగడం, ఎండలో ఒకలా వానలో ఒకలా ఉండడం ఈ జబ్బుకు గుర్తు. ఎప్పుడూ ఒకేలా బిగుసుకుపోయి ఉంటే మాత్రం స్ప్రింగు కాదు, మట్టి. మా వైపు ఎర్రమట్టి రోడ్ల దుమ్ము తాళంలో దూరుతుంది. దానికి తోడు ఎవరో ఒకరు కొబ్బరినూనో ఇంజన్ ఆయిలో పోసి ఉంటారు. నూనె, దుమ్ము కలిసి ముద్దవుతాయి. అలాంటి తాళాన్ని రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో కడిగి ఆరబెడితే సగం సందర్భాల్లో పని అయిపోతుంది. కొత్త చెవితో బాగా తిరిగి, అరిగిన చెవితో తిరగకపోతే అది చెవి జబ్బు.

కడిగాక పరీక్ష చాలా తేలిక. బేరల్ చేతిలో పట్టుకుని ఒక్కో ప్లేటునూ సూది మొనతో నొక్కి వదలండి. టక్కున పైకి లేస్తే స్ప్రింగు బాగున్నట్టు. బద్ధకంగా లేచినా, అసలు లేవకపోయినా దాన్ని గుర్తు పెట్టుకోండి.

విప్పడం: తొందర పనికిరాదు

తలుపు లోపలి ట్రిమ్ తీసి, లాక్ సిలిండర్‌ను పట్టి ఉంచే క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో పక్కకి నెడితే చాలా కార్లలో సిలిండర్ (బేరల్, బాడీ కలిసిన ముక్క) బయటికి వస్తుంది. ఆ క్లిప్పు గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. సిలిండర్ తోకకు తగిలించిన రాడ్డు ఏ వైపు నుంచి ఎలా వచ్చిందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బిగించేటప్పుడు చాలామంది అక్కడే తికమక పడతారు.

బేరల్‌ను బాడీ నుంచి లాగేటప్పుడు చెవి లోపల ఉండాల్సిందే. చెవి ఉంటే ప్లేట్లు లోపలికి ఒదిగి ఉంటాయి, బేరల్ నున్నగా జారి వస్తుంది. చెవి లేకుండా లాగితే ప్లేట్లు బాడీ గాడుల్లో పట్టుకుని వంగుతాయి. వంగిన ప్లేటును సరిచేయడం స్ప్రింగు దొరకబుచ్చుకోవడం కన్నా కష్టం.

బయటికి వచ్చాక పని అంతా పెద్ద పారదర్శకమైన పాలిథిన్ కవరులో చేతులు పెట్టి చేయండి. చూడ్డానికి ఎలా ఉన్నా, ఎగిరిన స్ప్రింగు కవరులోనే ఉంటుంది. నేలమీద పడితే అయస్కాంతంతో వెతకొచ్చులే అనుకోకండి. కొన్ని తాళాల్లో స్ప్రింగులు ఫాస్ఫర్ బ్రాంజ్‌వి ఉంటాయి, వాటికి అయస్కాంతం అంటదు.

ప్లేట్ల వరుస మారకూడదు. ఒక్కో ప్లేటుకూ ఒక్కో ఎత్తు ఉంటుంది, ఆ వరుసే మీ తాళంచెవి. నేను ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పు తీసుకుని, గుంటలకు స్కెచ్ పెన్‌తో 1, 2, 3 అని రాసి, ప్లేటునూ దాని స్ప్రింగునూ ఒకే గుంటలో పెడతాను. మారుతి వంటి వాటిలో ప్లేట్లు ఒకటి అటు, ఒకటి ఇటు చూస్తుంటాయి. అది కూడా రాసుకోండి.

కొలతే ప్రాణం

బాగున్న స్ప్రింగు ఒకటి తీసి కొలవండి. మూడు కొలతలు కావాలి: బయటి లావు, వదిలేసినప్పటి పొడవు, తీగ మందం. మొదటి రెండూ, సన్న కొలతలు తీసే డిజిటల్ వెర్నియర్‌తో తెలుస్తాయి. తీగ మందానికి ఒక కిటుకు ఉంది. స్ప్రింగును పూర్తిగా నొక్కి చుట్టలన్నీ ఒకదానికొకటి అంటుకునేలా చేసి పొడవు కొలవండి, దాన్ని చుట్టల సంఖ్యతో భాగించండి. 12 చుట్టలు 3 మి.మీ. వస్తే తీగ 0.25 మి.మీ. చుట్టలు లెక్కపెట్టడానికి ఫోన్ కెమెరాలో జూమ్ చేసి ఫొటో తీస్తే కళ్లకు శ్రమ ఉండదు. మా అంబాసిడర్ స్ప్రింగు లావు 2 మి.మీ., పొడవు 6, తీగ 0.25. మీది ఇలాగే ఉండాలని లేదు, మీ తాళాన్నే కొలవండి.

మూడింట్లో తీగ మందం దగ్గర అస్సలు రాజీ పడకండి. స్ప్రింగు బలం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 0.25 బదులు 0.30 తీగ వాడితే, చూపుకు తేడా తెలియదు గానీ, బలం రెండింతలు దాటుతుంది. అంత బలమైన స్ప్రింగు పెడితే చెవి దూర్చడానికే గట్టిగా నెట్టాలి. ఏడాది తిరిగేసరికి ఇత్తడి ప్లేటూ అరుగుతుంది, చెవీ అరుగుతుంది. లావు విషయంలో దీనికి తిరగబడి ఉంటుంది: చుట్ట పెద్దదైతే స్ప్రింగు మెత్తబడుతుంది. ముక్క కోసి పొట్టి చేస్తే బలం పెరుగుతుంది, ఎందుకంటే చుట్టలు తగ్గుతాయి. అందుకే "పొడవుగా ఉంది, సగం కోసేద్దాం" అనుకునే ముందు ఒక్కసారి ఆగండి.

తయారు స్ప్రింగు ఎక్కడెక్కడ దొరుకుతుంది

అన్నిటికన్నా మంచిది అదే రకం పాత తాళం. కబాడీ కొట్లో తుక్కు కింద పడి ఉన్న కారు డిక్కీ తాళం, గ్లోవ్ బాక్సు తాళం అడగండి. డిక్కీ తాళం తక్కువ వాడతారు కాబట్టి లోపల స్ప్రింగులు చాలాసార్లు కొత్తవాటిలాగే ఉంటాయి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, ఏ ఊళ్లోనైనా కబాడీ కొట్లు ఉంటాయి. కొట్టువాళ్లు ఎక్కువగా ఒడియా మాట్లాడతారు. చేతిలో పాత బేరల్ పట్టుకెళ్లి చూపిస్తే భాషతో పని ఉండదు.

రెండోది వాడి పారేసిన గ్యాస్ లైటర్. సిగరెట్టు ముట్టించుకునే ప్లాస్టిక్ లైటర్లో చెకుముకి రాయిని చక్రం వైపు నెట్టడానికి పొడవాటి సన్న స్ప్రింగు ఉంటుంది. లావు దాదాపు మన తాళం స్ప్రింగంతే. అయితే ముందు ఆరుబయట, ఎక్కడా నిప్పు లేని చోట, మీట నొక్కి పట్టి గ్యాస్ పూర్తిగా పోనివ్వండి. తర్వాతే పైరేకు ఊడదీయండి. చక్రం తీయగానే రాయీ స్ప్రింగూ ఎగురుతాయి, అప్పుడు కూడా కవరు కావాలి. ఒక్క లైటర్ స్ప్రింగులో మూడు నాలుగు తాళం స్ప్రింగులు వస్తాయి. కోసేముందు తీగ మందం కొలవడం మరవకండి. లైటర్ లైటర్‌కీ తేడా ఉంటుంది.

మూడోది వాచీ రిపేరు కొట్టు. బజారులో ఒక ముసలాయన బల్ల వేసుకుని కూర్చుంటాడు. "తాతా, వాచీ పట్టీల పాత పిన్నులున్నాయా?" అని అడిగితే కళ్లద్దం పైకి తోసి నావైపు చూశాడు.

"వాచీ ఏదీ?"

"వాచీ కాదు తాతా, కారు తాళానికి."

"కారు తాళానికి వాచీ పిన్ను ఏటి బాబూ!" అంటూనే పాత తగరపు డబ్బా ఒకటి బల్ల మీద బోర్లించాడు. "ఏరుకో."

పట్టీ పిన్ను అంటే సన్న గొట్టం. రెండు చివర్లా మొనలు, నొక్కితే లోపలికి పోతాయి. ఒక చివర నెయిల్ కట్టర్‌తో కత్తిరిస్తే లోపల నుంచి స్ప్రింగు జారి పడుతుంది. గొట్టం బయటి లావే 1.5 నుంచి 1.8 మి.మీ. కాబట్టి లోపలిది ఇంకా సన్నం. చిన్న ప్లేట్లున్న తాళాలకు, పెట్టె తాళాలకు ఇది బాగా సరిపోతుంది. స్ప్రింగు కూర్చునే గుంట వెడల్పుగా ఉన్న తాళంలో పెడితే మాత్రం పక్కకు వంగిపోతుంది.

బాల్ పెన్ స్ప్రింగు గురించి అందరూ చెబుతారు. అది దాదాపు 4 మి.మీ. లావుంటుంది, ప్లేటు కింద పట్టదు. దాన్ని విప్పి మళ్లీ సన్నగా చుట్టాలని నేనూ ప్రయత్నించాను. తీగ మందం ఎక్కువ, విప్పినప్పుడు పడ్డ వంకరలు పోవు. ఆ జోలికి వెళ్లకండి. మిక్సీ కార్బన్ బ్రష్షు స్ప్రింగు కూడా ఇంతే, మన పనికి లావెక్కువ.

తీగ: వీణ తీగ నుంచి బ్రేకు తీగ దాకా

ఎక్కడా సరిపోయేది దొరక్కపోతే చుట్టుకోవడమే. దానికి గట్టిగా సాగదీసిన ఉక్కు తీగ కావాలి. వాద్యాల తీగ అంటే అదే. రాయగడ నుంచి విజయనగరం వెళ్లే రైలు దారిలోనే బొబ్బిలి ఉంది. బొబ్బిలి వీణలు ఆ పక్కనే గొల్లపల్లిలో చేస్తారు. వీణకు ఏడు తీగలు. అందులో సారణి, పంచమం, లయ కోసం పక్కనుండే మూడు తాళం తీగలు చుట్టు లేని ఉక్కు తీగలు. తాళం తీగల్లో సన్నదాన్ని వెర్నియర్‌తో కొలిచి తీసుకోండి. మంద్రం తీగలు కొనకండి, వాటిమీద వేరే తీగ చుట్టి ఉంటుంది.

గిటార్ తీగైతే ఎంపిక ఇంకా తేలిక, ఎందుకంటే ప్యాకెట్ మీదే మందం ఉంటుంది. అన్నిటికన్నా సన్న తీగ మీద 9 అని ఉంటే అంగుళంలో వెయ్యోవంతులు తొమ్మిది, అంటే 0.23 మి.మీ. 10 అంటే 0.25. విడిగా ఒక్క తీగ కూడా అమ్ముతారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. మన లెక్కన ఒక స్ప్రింగుకు ఏడు సెంటీమీటర్ల లోపు తీగ పడుతుంది. వృథా పోయినా ఒక తీగలో పది వస్తాయి.

అర్జెంటైతే సైకిల్ షాపు ఉండనే ఉంది. సైకిల్ బ్రేకు లోపలి తీగ చివర విప్పండి. 1.5 మి.మీ. లావున్న కేబుల్లో 19 పోగులు ఉంటే ఒక్కో పోగు 0.3 మి.మీ. తెగిన పాత కేబుల్ అడిగితే ఊరికే ఇస్తారు. పోగులు మెలితిరిగి ఉంటాయి కాబట్టి చుట్టడం కాస్త చికాకు, పైగా 0.25 కావలసిన చోట ఇది బలమెక్కువ అవుతుంది. 0.3 కొలత వచ్చిన తాళాలకు మాత్రం చక్కగా పనికొస్తుంది.

ఏ తీగైనా కొనేముందు ఒక పరీక్ష చేయండి. తీగను పెన్సిల్ చుట్టూ అర చుట్టు వంచి వదలండి. చాలావరకు విచ్చుకుని వెనక్కి వస్తే స్ప్రింగు తీగ. వంచింది వంచినట్టే ఉండిపోతే మెత్తది. కట్టుడు తీగ, మోటారు రాగి తీగ, ఫ్యూజు తీగ ఇలా ఉండిపోతాయి. వాటితో చుట్టిన స్ప్రింగు ఒక్కసారి నొక్కగానే అణిగిపోతుంది.

చుట్టడం

వదలగానే చుట్ట విచ్చుకుని లావవుతుంది. కాబట్టి కావలసిన లోపలి లావు కన్నా సన్నటి కడ్డీ మీద చుట్టాలి. 2 మి.మీ. బయటి లావు, 0.25 తీగ అంటే లోపలి లావు 1.5. నేను 1.2 మి.మీ. డ్రిల్ బిట్ నున్నటి వైపు వాడతాను. మొదటి ప్రయత్నం లావు వస్తే ఇంకా సన్న కడ్డీ, సన్నం వస్తే కొంచెం లావుది తీసుకోండి. మూడో స్ప్రింగుకల్లా లెక్క కుదురుతుంది. గోనెసంచులు కుట్టే దబ్బనం వద్దు, అది మొనవైపు సన్నబడుతుంది.

కడ్డీని చేతి డ్రిల్లులో బిగించండి. తీగ చివరను కూడా కడ్డీతో పాటే, బిట్‌ను పట్టి ఉంచే చక్‌లో ఇరికించండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, ఇది మానొద్దు. చుట్టిన తీగ వదిలితే కొరడాలా లేస్తుంది. చేతికి తోలు ముక్క పట్టుకుని తీగను గట్టిగా లాగి పట్టి, డ్రిల్లును చేత్తో నెమ్మదిగా తిప్పండి. కరెంటు డ్రిల్లయితే స్విచ్ నొక్కకుండా చక్‌నే చేత్తో తిప్పండి.

చుట్టల మధ్య సందు సమంగా రావడమే ఇందులో అసలు పని. దీనికి రెండు తీగలు పక్కపక్కన పెట్టి ఒకేసారి చుట్టండి. అయ్యాక రెంటినీ బోల్టు, నట్టు విప్పినట్టు ఒకదాన్నుంచి ఒకటి తిప్పి విడదీయండి. ఒక్కోదానిలో తీగ మందమంత సందు అచ్చుపోసినట్టు మిగులుతుంది. 0.25 తీగైతే చుట్టకు చుట్టకు దూరం అర మిల్లీమీటరు, 12 చుట్టలకు 6 మి.మీ. పొడవు. నేను మొదటిసారి ఇలా విడదీసినప్పుడు రెండు స్ప్రింగులూ కవలల్లా వచ్చాయి. చాలాసేపు వేలి మీద పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

సైడ్ కట్టర్‌తో కోసి, రెండు చివర్లా ఒక్కో చుట్టను సన్న ముక్కు ప్లయర్‌తో నొక్కి పక్క చుట్టకు ఆనించండి. లేకపోతే కోసిన మొన ఇత్తడిలో గుచ్చుకుంటుంది. మొనను 400 నంబరు ఎమరీ పేపరు మీద రెండు రుద్దులు రుద్దితే చాలు.

తర్వాత వేడి. ఇంట్లో ఓవెన్ ఉంటే 200 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, దానంతటదే చల్లారనివ్వండి. చుట్టినప్పుడు తీగలో చేరిన బిగువు తగ్గి, స్ప్రింగు కొలత నిలుస్తుంది. అంతకన్నా ఎక్కువ వద్దు. గిటార్ తీగల మీద తగరం పూత ఉంటుంది, అది 232 డిగ్రీలకు కరుగుతుంది. స్టవ్ మంట మీద అసలు పెట్టొద్దు, ఎర్రబడితే తీగ మెత్తబడి ఎందుకూ పనికిరాదు. ఓవెన్ లేకపోతే ఒక చుట్టు ఎక్కువ పెట్టి చేసి, పూర్తిగా అణిగేలా పదిసార్లు నొక్కి వదలండి. కొంచెం పొట్టిదై అక్కడ ఆగుతుంది. ఆ పొడవు మీ కొలతకు సరిపోవాలి.

దుమ్ము మూత, ఇగ్నిషన్

చెవి రంధ్రం మీద ఉండే చిన్న మూత స్ప్రింగు వేరే రకం, రెండు కాళ్లతో ఉంటుంది. దీనికి 0.35 మి.మీ. ప్రాంతపు స్టెయిన్‌లెస్ తీగ బాగుంటుంది. పళ్లకు క్లిప్పులు వేసే డాక్టర్ల దగ్గర అలాంటి తీగ ఉంటుంది. పంటి మీది క్లిప్పు ముక్కల్ని కట్టడానికి వాడే మెత్త తీగ కాదు, గట్టిది అడగండి. ఈ మూత బాగుంటే తాళంలోకి మట్టి పోదు కాబట్టి దీన్ని నిర్లక్ష్యం చేయకండి.

ఇగ్నిషన్ తాళంలో ప్లేట్ల స్ప్రింగులు పైన చెప్పినట్టే మార్చుకోవచ్చు, ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి. కానీ స్టీరింగ్‌ను బిగించే బోల్టు స్ప్రింగు మాత్రం ఇంట్లో చేసింది పెట్టకండి. కారు నడుస్తుండగా స్టీరింగ్ బిగుసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ కొత్త అసెంబ్లీ కొనడమే సరైనది.

బిగించడం

స్ప్రింగును ట్వీజర్‌తో గుంటలో పెట్టి, ప్లేటును పైనుంచి దింపండి. చెవి పెట్టి చూడండి. ప్లేట్లన్నీ బేరల్ అంచుకు సమంగా రావాలి. వేలితో తడిమితే ఏదీ తగలకూడదు. ఒకటి పైకి ఉందంటే స్ప్రింగు అడుక్కి నొక్కుకుని నిండిపోతోంది, చుట్టలు ఎక్కువయ్యాయి. చెవి తీసి సూదితో నొక్కి చూస్తే, కొత్త స్ప్రింగు ఉన్న ప్లేటు పక్క ప్లేట్లంత వేగంగానే లేవాలి. మరీ గట్టిగా తంతే ఇంకాస్త సన్న తీగతో మళ్లీ చేయండి.

బాడీలో దూర్చేముందు గ్రాఫైట్ పొడి కొద్దిగా చల్లండి. దొరక్కపోతే 6బీ పెన్సిల్ మొనను తాళంచెవి రెండు వైపులా నల్లగా అయ్యేదాకా రుద్ది, పదిసార్లు లోపలికి బయటికి ఆడించండి. నూనె మాత్రం వద్దు. చెవి లోపల ఉంచే బేరల్ దూర్చి, క్లిప్పు, రాడ్డు పెట్టాక తలుపు తెరిచి ఉంచే ఇరవైసార్లు తిప్పి చూడండి. తలుపు మూశాక ఇరుక్కుంటే మళ్లీ ట్రిమ్ తీయడం నరకం.

ఈ పని వచ్చని తెలిస్తే వీధిలో వాళ్లు తాళాలు తెస్తారు. కారు తాళమైతే ఆర్‌సీ చూసి, పేరు సరిపోతేనే ముట్టుకోండి. మిగిలిన స్ప్రింగుల్ని పారేయకండి. నేను చిన్న హోమియో మందు సీసాల్లో వేసి, ఒక్కో సీసా మీద కాగితం అంటించి లావు, పొడవు, తీగ మందం, ఏ కారుదో రాసి పెట్టుకుంటాను. అంబాసిడర్ సీసాలో ఇంకా ఏడున్నాయి. వెనక తలుపు తాళం కూడా ఈమధ్య బద్ధకిస్తోంది, వచ్చే ఆదివారం దాన్ని విప్పాలి.